డిగ్రీ చేతికొచ్చాక మంచితనం, నవ్వు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పదహారేళ్ళయింది. ఏటా మే నెల నుంచి వినాయక చవితి దాకా నా ఫోన్‌కు విరామం ఉండదు. అప్పుడే చదువు ముగించినవాళ్ళు, ఏడాది కిందట ముగించినవాళ్ళు, వాళ్ళ రూమ్మేట్లు, ఒక్కోసారి వాళ్ళ అమ్మలు కూడా చేస్తుంటారు. కోడింగ్ గురించి అడిగేవాళ్ళు తక్కువే. మనుషులతో ఎలా మెలగాలి, ఎంతవరకు మంచిగా ఉండాలి, ఎక్కడ నవ్వొచ్చు, ఎక్కడ నవ్వకూడదు అనే సందేహాలే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కాలేజీ వదిలే రోజులు

"మంచిగా ఉంటే జనం వాడుకుంటారు" అని సీనియర్లందరూ అంటున్నారు. నిజమేనా మేడం?

జనం వాడుకునేది చాలావరకు మన మొహమాటాన్ని. మంచితనమూ మొహమాటమూ బయటికి ఒకేలా కనబడతాయి కాబట్టి ఈ పొరపాటు జరుగుతుంది. స్నేహితుడు ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేసిపెట్టమన్నాడు. రేపు మీకే పరీక్ష. అయినా "సరేలే" అని రాత్రంతా లోపల తిట్టుకుంటూ చేశారు. కాదంటే ఏమనుకుంటాడోనన్న భయం చేయించిన పని అది. అదే స్నేహితుడు జ్వరంతో పడుకున్నాడు, మీకు తీరిక ఉంది, అడక్కుండానే కూర్చుని చేశారు. టైప్ చేసినవి అవే పేజీలు. కానీ రెండోసారి మీకు హాయిగా నిద్ర పట్టింది.

పని అయ్యాక లోపల ఏం మిగిలిందో చూసుకోమని పిల్లలకు చెబుతుంటాను. కసి మిగిలితే అది మొహమాటం. తర్వాత ఎప్పుడో ఒకరోజు, "నీకోసం ఎంత చేశానురా" అన్న దెప్పిపొడుపుగా అది బయటికి వస్తుంది. దానికంటే ముందే కుదరదని చెప్పడం నయం. "ఈ రాత్రి నావల్ల కాదురా, రేపు మధ్యాహ్నం ఇద్దరం కూర్చుందాం" అన్న మాటలో కాదనడమూ ఉంది, తోడుంటానన్న భరోసా కూడా ఉంది. ఈ మాటను గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు పైకి అని అలవాటు చేసుకోండి. మన ఇళ్ళలో కాదన్న పిల్లను ఎదురు మాట్లాడుతోందని అంటారు. ఇరవై రెండేళ్ళుగా నోట పలకని మాట ఒక్కరోజులో రాదు.

నిజంగా వాడుకునేవాళ్ళు అసలే ఉండరా అంటే, ఉంటారు. ఒకటి రెండుసార్లు మీరూ మోసపోతారు. అప్పుడు ఆ ఒక్క మనిషికి తలుపు వేయండి. వీధి మొత్తానికీ వేసుకోకండి.

నాకు జోకులు వేయడం రాదు. అది పుట్టుకతో రావాలి కదా?

జోకులు వేయడం వేరు, హాస్యం తెలిసి ఉండటం వేరు. పది జోకులు బట్టీపట్టి చెప్పేవాళ్ళు గదిలో ఉంటే అలసట వస్తుంది. పక్కవాళ్ళు చెప్పిన చిన్న సంగతికి మనస్ఫూర్తిగా నవ్వే మనిషి ఉంటే ఆ గది తేలికవుతుంది. కాబట్టి మొదట నవ్వడం నేర్చుకోండి. అంటే ఫోన్ పక్కన పెట్టి వినడం. వినేవాళ్ళకే తమాషా దొరుకుతుంది.

ఆ తర్వాత రోజూ ఒక సంగతి గమనించి గుర్తుపెట్టుకోండి. హాస్టల్ వార్డెన్ నోటీసులో దొర్లిన అచ్చుతప్పు, సిటీ బస్సులో ఇద్దరు పెద్దవాళ్ళు కిటికీ సీటు కోసం పడిన వాదులాట, ఇలాంటివే. రాత్రి భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. నెల తిరిగేసరికి, "ఈరోజు ఏమైందో చెప్పవే" అని అడిగేవాళ్ళు ఉంటారు.

ఫేర్‌వెల్‌లో ఒకణ్ణి అందరం ఆటపట్టించాం. వాడూ నవ్వాడు. ఇందులో తప్పేముంది?

వాడు నవ్వాడంటే వాడికి నొప్పి కలగలేదని అనుకోవద్దు. వందమంది తనవైపు చూసి నవ్వుతుంటే ఎవరైనా నవ్వుతారు. అప్పుడు ఏడవటం కంటే అదే తేలిక.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మొదటి పీరియడ్‌కు రోజూ ఆలస్యంగా వచ్చే కుర్రాడు ఒకడుండేవాడు. ఒకరోజు తలుపు దగ్గర అతను కనబడగానే, "రాజుగారు వేంచేశారు, లేచి నిలబడండి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. అతనూ నవ్వి వెనక బెంచీలో కూర్చున్నాడు. వారం తర్వాత తెలిసింది, తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండు కాలనీలకు పాల ప్యాకెట్లు వేసి, రెండు బస్సులు మారి వస్తున్నాడని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో ఏదో తిప్పినట్టు ఉంటుంది. అందరి ముందూ అన్నాను కాబట్టి క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాను.

మన భాషలో నవ్వుకు ఎన్ని మాటలున్నాయో చూడండి: చమత్కారం, పరాచికం, వేళాకోళం, ఎగతాళి, వెటకారం, వెక్కిరింత, హేళన. ఇన్ని ఉండటానికి కారణం ఉంది. బావామరదళ్ళ మధ్య పరాచికం చెల్లుతుంది, ఎందుకంటే ఇద్దరికీ ఆ చనువు ఉంది, తిరిగి అనే హక్కూ ఉంది. పెళ్ళిలో వియ్యాలవారి మీద పాడే ఎగతాళి పాటలకు అవతలివాళ్ళు కూడా అంతకు రెట్టింపు పాడి అప్పజెప్పగలరు. ఆ హక్కు లేనివాడి మీద విసిరితే అదే మాట హేళన అవుతుంది. కాబట్టి ఇద్దరి మధ్య చనువు ఉందా, అతను తిరిగి అంటే మీరు పడతారా అని ముందు చూసుకోండి. రంగు, లావు, కులం, ఇంటి పేదరికం, నత్తి, ఇంగ్లిషు రాకపోవడం లాంటివి మాత్రం ఎంత చనువున్నా ముట్టుకోకండి.

ఇంకా చదువుతున్నవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం కొట్టడం ఒక్కటే నేరం కాదు, తోటి విద్యార్థిని ఆటపట్టించి అవమానించడం కూడా నేరమే. దానికి 6 నెలల దాకా జైలు శిక్ష ఉంది.

నాకు ప్లేస్‌మెంట్ వచ్చింది. బెస్ట్ ఫ్రెండ్‌కు రెండు సప్లీలు మిగిలాయి. ఎలా మాట్లాడాలో తెలియడం లేదు.

మామూలుగా మాట్లాడండి. ముఖ్యంగా, మాట్లాడటం ఆపకండి. బాధపడతాడేమోనని చాలామంది ఫోన్ చేయడం తగ్గించేస్తారు. అవతల వాడేమో, "ఉద్యోగం రాగానే మారిపోయాడు" అనుకుంటాడు. మీ ఆఫర్ సంగతి దాచకండి, ఇంకెవరి ద్వారానో తెలిస్తే ఎక్కువ గుచ్చుకుంటుంది. సలహాలు, స్ఫూర్తి కొటేషన్లు వద్దు. "ఏ సబ్జెక్టు? నా నోట్సు తెచ్చిస్తా, ఆదివారం కూర్చుందామా?" అనండి. సప్లీల మీద జోకు వేసే హక్కు వాడిదే. వాడు వేస్తే మీరు నవ్వండి, ముందు మీరు వేయకండి.

## ఉద్యోగం వెతికే రోజులు

ఏ ఫంక్షన్‌కు వెళ్ళినా "ఇప్పుడేం చేస్తున్నావు బాబూ?" అని అడుగుతున్నారు. పిచ్చెక్కుతోంది.

ఆ ప్రశ్న అడిగేవాళ్ళలో మూడు రకాలుంటారు. మాట కలపడానికి ఇంకేమీ దొరక్క అడిగేవాళ్ళే ఎక్కువ. నిజంగా సాయం చేయగలిగినవాళ్ళు ఒకరిద్దరు. మీ నోటితో "ఖాళీ" అనిపించి వినాలనుకునేవాళ్ళు ఒకరో ఇద్దరో. మూడోరకం వాళ్ళ మీది కోపంతో మొదటి రెండు రకాలవాళ్ళనూ కసిరేస్తుంటాం.

నవ్వుతూ చెప్పగలిగే నిజం ఒకటి సిద్ధం చేసుకోండి. నా దగ్గర చదివిన ఒకమ్మాయి, "అత్తయ్యా, ప్రస్తుతం ఇంటర్వ్యూలకు వెళ్ళడమే నా ఉద్యోగం, జీతం ఒక్కటే లేదు" అనేది. అందులో అబద్ధం లేదు, ఏడుపూ లేదు. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు, ప్రశ్న అక్కడితో ఆగిపోయేది. ఆ వెంటనే, "మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?" అని అడిగేది. వాళ్ళ సంగతి మనం అడగొచ్చన్న ఆలోచనే మనలో చాలామందికి రాదు.

నా యాస విని రూమ్‌లో నవ్వుతున్నారు. మార్చుకోవాలా?

ఇంటర్వ్యూకు ఇంగ్లిషు మెరుగుపరచుకోండి, అది పనికి కావాలి. మీ తెలుగును మాత్రం మార్చుకోకండి.

అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్ళలో ఒక్కో గదిలో నాలుగు జిల్లాలవాళ్ళు ఉంటారు. ఒకరు "గట్లనే" అంటారు, ఒకరు "ఏందబ్బా" అంటారు, ఇంకొకరు "యాడికి పోతావుండావు" అంటారు. కోచింగుల కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి పడే ఇలాంటి చోట్ల తెలుగు ఎన్ని రకాలుగా ఉందో మొదటిసారి తెలుస్తుంది. అది చాలా సంతోషించాల్సిన విషయం. కానీ మన సినిమాలు ఎన్నో ఏళ్ళు కొన్ని యాసలను రౌడీలకు, హాస్యగాళ్ళకు అంటగట్టాయి. అందుకే ఆ మాట చెవిన పడగానే, చెప్పిన విషయం ఎంత గంభీరమైనదైనా కొందరికి నవ్వొస్తుంది. వాళ్ళకు అలవాటైన నవ్వు అది, మీ మాటలో లోపమేమీ లేదు.

ఒకసారి నిదానంగా చెప్పి చూడండి: "మా అమ్మ మాట్లాడే భాష ఇది. నవ్వితే మా అమ్మను చూసి నవ్వినట్టుంటుంది నాకు." చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగనివాళ్ళ దగ్గర మీరే దూరం జరగండి.

మీరు నవ్వే పక్షంలో ఉంటే మీకూ ఒక మాట. యాస మీద నవ్వకుండా మాటల తేడా మీద అందరూ కలిసి నవ్వుకోవచ్చు. మెస్‌లో ఆనపకాయ కూర వడ్డిస్తే ఒకరు సొరకాయ అంటారు, ఒకరు కాదంటారు, భోజనం అయ్యేదాకా ఆ పంచాయతీ తెగదు. ఆ నవ్వులో ఎవరూ ఒంటరివాళ్ళు కారు. తగువంతా కూరగాయ మీదే కదా!

ఇంటర్వ్యూలో నవ్వించొచ్చా?

ప్రయత్నించి నవ్వించకండి. నవ్వు దానంతటదే వస్తే ఆపుకోకండి. తెలియని ప్రశ్నకు కట్టుకథ చెప్పే బదులు, "ఇది నాకు తెలియదండీ, కానీ సాయంత్రంలోపు తెలుసుకోకపోతే నిద్ర పట్టదు" అన్న కుర్రాడికి ఉద్యోగం వచ్చింది. ఆ మాట నిజం కాబట్టి చెల్లింది. బట్టీపట్టి అంటే చెల్లదు.

రూమ్మేట్ బ్యాక్‌డోర్ ఉద్యోగానికి రెండు లక్షలు కడుతున్నాడు. చెబితే కుళ్ళు అనుకుంటాడు. ఊరుకోనా?

ఊరుకోవద్దు. ఇది మొహమాటపడే సందర్భం కాదు. పద్ధతిగా నడిచే కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. డిపాజిట్ అన్నా, ట్రైనింగ్ ఫీజు అన్నా, మధ్యవర్తి ఖర్చులు అన్నా అదే. ఈ మాట అతనికి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి, నలుగురిలో వద్దు. "నీకు తెలివి లేదా" అంటూ మొదలుపెడితే వినడు. "ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కు ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం, నిజమైతే నేనే వచ్చి కట్టిస్తా" అనండి. వినకపోతే ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఆ డబ్బు బహుశా వాళ్ళ నాన్న పొలం కాగితాలు పెట్టి తెచ్చిందై ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఇప్పటికే పంపేసి ఉంటే, ఎంత త్వరగా 1930కి ఫోన్ చేస్తే అంత మంచిది. అది సైబర్ ఆర్థిక నేరాల హెల్ప్‌లైన్. మీతో నాలుగు రోజులు మాట్లాడకపోయినా ఓర్చుకోండి.

అందర్నీ నవ్వించే ఫ్రెండ్ ఈమధ్య అసలు నవ్వడం లేదు. ఏం చేయాలి?

పట్టించుకోండి, ఈరోజే. నవ్వించేవాళ్ళు మౌనంగా ఉంటే, "మూడ్ లేదేమోలే" అని వదిలేస్తుంటాం. గ్రూప్స్‌కు చదువుతూ అశోక్‌నగర్‌లో మూడు నాలుగేళ్ళు గడిపేసినవాళ్ళలో, వరుసగా ఇంటర్వ్యూలు పోయినవాళ్ళలో ఇది చూశాను. నిద్ర తప్పడం, భోజనం మానేయడం, తన సామాను పంచిపెట్టేయడం, "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాటలు కనబడితే ఇంక ఆలోచించకండి.

నవ్వించడానికి ప్రయత్నించకండి. పక్కన కూర్చుని, "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగొచ్చు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబర్ 14416కు అతని పక్కనే ఉండి ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటే వేయకండి. ఇంటివాళ్ళను పిలిపించండి.

## కొత్త ఉద్యోగం, మొదటి ఏడాది

మేనేజర్ మీటింగ్‌లో నా మీద వెటకారాలు ఆడతాడు. నేనూ నవ్వాలా?

అష్టావధానం ఎప్పుడైనా చూశారా? ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళు, అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు దత్తపది. వాళ్ళలో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు. అవధాని పద్యం అల్లుకుంటున్నప్పుడు సంబంధం లేని మాటలతో అడ్డుపడి ధ్యాస చెడగొట్టడమే ఆయన పని. అవధాని విసుక్కోకూడదు, జవాబు ఎగ్గొట్టకూడదు. ఒక్క చమత్కారంతో సభను నవ్వించి, వదిలిన అక్షరం దగ్గరే పద్యాన్ని మళ్ళీ అందుకోవాలి.

అప్పుడప్పుడు విసిరే వెటకారానికి ఇదే మంచి పద్ధతి. చిన్న మాట, తేలిక నవ్వు, వెంటనే పని దగ్గరికి. "ఏంటి, ఈ జన్మలో రిపోర్టు వస్తుందా?" అంటే, "ఈ సాయంత్రం ఐదింటికే వస్తుంది సార్, ఇంకో రెండు పేజీలు మిగిలాయి" అనండి. ఎదురు వెటకారం అక్కర్లేదు. ఐదింటికి రిపోర్టు వస్తే అంతకంటే మంచి జవాబు లేదు.

కానీ ప్రతి మీటింగ్‌లో మీ ఒక్కరి మీదే జరుగుతుంటే అవధాని ఓర్పు మీకు అక్కర్లేదు. అవధానంలో ఇద్దరూ ఒప్పుకుని కూర్చుంటారు, ఇక్కడ మీరు ఒప్పుకోలేదు. తేదీలు, అన్న మాటలు రాసిపెట్టుకోండి. ఒకసారి విడిగా కలిసి, "నా తప్పులు నాకు చెప్పండి సార్, నేర్చుకుంటాను. అందరిలో ఇలా అంటే పని మీద మనసు నిలవడం లేదు" అని చెప్పండి. మారకపోతే హెచ్‌ఆర్ దగ్గరికి ఆ కాగితంతో వెళ్ళండి. బలవంతంగా నవ్వాల్సిన అవసరం మీకు ఎప్పుడూ లేదు.

టీమ్ గ్రూప్‌లో ఆడవాళ్ళ మీద మీమ్స్ వస్తుంటాయి. "సరదాకే కదా" అంటారు. నేనేం చేయాలి?

అబ్బాయిలూ, ముందు మీరు నవ్వు ఎమోజీ పెట్టడం ఆపండి. జోకు వేసినవాడు చూసేది దానికోసమే. రెండో పని, "ఇది ఇక్కడ వద్దు బ్రో" అని మీరే రాయడం. ఆ మాట అమ్మాయి అంటే "సెన్స్ ఆఫ్ హ్యూమర్ లేదు" అంటారు, మీరు అంటే ఆగుతారు. ఇది అన్యాయమే, కానీ ఈరోజుకు ఉన్న సంగతి అదే కాబట్టి ఆ బరువు మీరు ఎత్తుకోండి.

అమ్మాయిలకు: పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం అసభ్యమైన మాటలకూ, బొమ్మలకూ వర్తిస్తుంది. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి. సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలల గడువు ఇవ్వగలదు. స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి.

పెద్ద తప్పు చేశాను. జోకు వేసి తేలిక చేయొచ్చా?

వద్దు. ముందు తప్పు ఒప్పుకోండి, తర్వాత సరిచేయండి. మీవల్ల రాత్రి పదింటిదాకా కూర్చున్నవాళ్ళకు టీ తెప్పించండి. నవ్వుకోవడానికి ఇంకో నెల ఆగండి. అప్పుడు మొదటి జోకు వాళ్ళే వేస్తారు.

టీమ్‌లో సగంమందిని తీసేశారు. మిగిలినవాళ్ళం క్యాంటీన్‌లో నవ్వుకుంటుంటే తప్పు చేస్తున్నట్టు ఉంటోంది.

తోలుబొమ్మలాట రాత్రంతా సాగుతుంది. రామాయణంలో గుండె బరువెక్కే ఘట్టం నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి వస్తారు. మోటు హాస్యం, తిట్లు, తగవులు. జనం పగలబడి నవ్వుతారు. మళ్ళీ కథలోకి వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆ నవ్వు రాముణ్ణి తక్కువ చేసిందని ఏ ఊళ్ళోనూ ఎవరూ అనుకోలేదు. తెల్లవారిందాకా కథ వినే ఓపిక దానివల్లే వచ్చేది.

కాబట్టి నవ్వుకోండి. వెళ్ళిపోయినవాళ్ళ మీద మాత్రం కాదు. వాళ్ళను మర్చిపోనూ వద్దు. ఉద్యోగం పోయిన మొదటి వారం అందరూ ఫోన్ చేస్తారు, మూడో వారానికి ఎవరూ చేయరు. మీరు మూడో వారంలో చేయండి. "సాయంత్రం టీకి వస్తావా" అంటే చాలు.

హౌస్‌కీపింగ్ అక్కలు, సెక్యూరిటీ అన్నలతో ఎలా ఉండాలి? అతిగా చనువు తీసుకున్నట్టు ఉండకూడదు కదా.

పేరు తెలుసుకోండి, కనబడ్డప్పుడు పలకరించండి, మీ కప్పు మీరు కడగండి. వాళ్ళ పనిని మెచ్చుకునే ప్రసంగాలు అక్కర్లేదు. రాత్రి షిఫ్టులో నిలబడి ఉన్న పెద్దాయనకు ఒక కుర్చీ కావాలని అడ్మిన్‌కు మెయిల్ పెట్టిన అమ్మాయి నాకు తెలుసు. ఆ కుర్చీ వచ్చింది.

ఆఫీసులో తెలుగువాళ్ళం ఎక్కువ. తెలుగులో నవ్వుకుంటుంటే ఒడియా అమ్మాయి ఒంటరిగా ఉంటోంది.

మీకు ఆ మాట తట్టిందంటే సగం పని అయినట్టే. నవ్వు ఆగగానే పక్కకు తిరిగి, ఎందుకు నవ్వామో ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పండి. అనువాదంలో జోకు చచ్చిపోతుంది, ఫర్వాలేదు. డల్లాస్‌లో అయినా, బెంగళూరులో అయినా మనవాళ్ళ మీద వినిపించే ఫిర్యాదు ఇదే: నలుగురు కలిస్తే తెలుగులోకి వెళ్ళిపోతారని. పనికి సంబంధించిన మాట అందరికీ తెలిసిన భాషలోనే ఉండాలి.

## జీతం వచ్చాక

మొదటి జీతం పడగానే స్నేహితులు అప్పు అడుగుతున్నారు. ఇవ్వకపోతే చెడ్డవాణ్ణవుతానా?

తిరిగి రాకపోయినా స్నేహం చెడదు అనుకున్నంత మొత్తమే ఇవ్వండి. ఐదువేలు అడిగితే, "నావల్ల అయ్యేది వెయ్యి, ఇది తిరిగి ఇవ్వక్కర్లేదు" అనడంలో తప్పులేదు. మీరు అప్పు తెచ్చి అప్పు ఇవ్వకండి. లోన్ యాప్‌లో మీ పేరు మీద ఎవరికీ తీసి ఇవ్వకండి, ప్రాణస్నేహితుడైనా సరే. ఆసుపత్రి ఖర్చయితే నేరుగా ఆసుపత్రికి కట్టండి.

జూనియర్లు రోజూ రెఫరల్ అడుగుతున్నారు. అందరికీ జవాబివ్వడం కుదరడం లేదు.

పూర్వం ఊళ్ళో పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి, "మావాడి గురించి ఒక మాట చెప్పండి" అనేవారు. మాటసాయం అంటే అదే. డబ్బు ఖర్చు కాదు, కానీ చెప్పేవాళ్ళ పరువు పణంగా ఉంటుంది. అందుకే తెలియనివాళ్ళకు ఇవ్వనవసరం లేదు, ఆ మాట వాళ్ళకు చెప్పాలి. మౌనం ఎంత బాధపెడుతుందో రెండేళ్ళ కిందట మీకే తెలుసు. వారానికి ఒక అరగంట పెట్టుకోండి. "నీ పని నాకు తెలియదు కాబట్టి రెఫర్ చేయలేను. నీ రెజ్యూమెలో ప్రాజెక్టు గురించి రాసినది ఎవరికీ అర్థం కాదు, మూడు లైన్లలో మళ్ళీ రాయి" అని పంపినా అది సాయమే. చూసి వదిలేసిన మెసేజ్‌కంటే వెయ్యి రెట్లు నయం.

బయట అందరితో నవ్వుతూ ఉంటాను. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం చిరాకుగా మాట్లాడేస్తున్నాను. ఎందుకిలా?

పదిమంది దగ్గర రోజంతా ఖర్చుపెట్టిన ఓపిక, ఫోన్ మోగే వేళకు అయిపోయి ఉంటుంది. అమ్మానాన్నలు ఎలాగూ వదిలిపోరన్న ధైర్యం కూడా ఉంటుంది. దానికి తోడు రోజూ అదే మాట: "తిన్నావా?" "ఆఁ." "ఏం కూర?" "ఏదో ఒకటి." "సరే, పడుకో." మాట్లాడటం ఇష్టం లేక కాదు, ఇద్దరికీ ఉమ్మడిగా చెప్పుకునే సంగతి లేక ఇలా అవుతుంది. మీ స్ప్రింట్లు, రిలీజులు వాళ్ళకు తెలియవు. వాళ్ళ రోజు ఎలా గడిచిందో మీరు అడగరు.

రెండు చిన్న మార్పులు చేసి చూడండి. వాళ్ళు చేసే దాకా ఆగకుండా, ఆఫీసు నుంచి బయటికి రాగానే, అలసట ముదరకముందే మీరే ఫోన్ చేయండి. రోజూ ఒక తమాషా సంగతి దాచి ఉంచి వాళ్ళకే ముందు చెప్పండి. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు ఇలాగే మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్నగారు తెలంగాణలో ఆర్టీసీ కండక్టర్, మితభాషి. మొదటి రెండు వారాలు హాస్టల్ సాంబారు మీద, లిఫ్టులో ఇరుక్కున్న మేనేజర్ మీద కొడుకు చెబుతుంటే ఆయన "ఊఁ" కొట్టేవాడట. ఇప్పుడు ఏడున్నరకల్లా ఫోన్ ఆయన దగ్గర్నుంచే వస్తోంది. మొన్న చెప్పిన సంగతి: ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, ఒక ముసలమ్మ చంకలో కోడితో ఎక్కింది. కోడికి టికెట్ కొట్టాలమ్మా అన్నాడాయన. ఆమె కోడిని ఆయన ముఖం దగ్గరికి ఎత్తి చూపించి, "సరిగ్గ సూడు బిడ్డా, ఇది పెట్ట" అందట.